అమ్మ పెట్టె, అద్దం తలుపు

అద్దం తలుపు వినోద కోరిక. ఆ సంగతి పాలోళ్లలో, అంటే మొగుడి దాయాదుల్లో, ఎవరూ మర్చిపోలేదు, ఆమెనూ మర్చిపోనివ్వలేదు.

నారాయణఖేడ్‌లో కల్హేర్ రోడ్డు వైపు, ఇళ్లు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట మొగుడు దత్తు ఇల్లు మొదలుపెట్టినప్పుడే ఆమె అడిగింది. అంతకు కొద్ది రోజుల ముందు హైదరాబాదులో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లింది. ఆ ఇంట్లో హాలుకు వెనక గోడ లేదు, గోడంత అద్దం ఉంది. ఇంటావిడ దాన్ని ఒంటి చేత్తో పక్కకు జరిపి, బయట కుండీలకు నీళ్లు పోసి, మళ్లీ జరిపి లోపలికి వచ్చింది. తిరుగు బస్సులో వినోద ఇంకో మాట మాట్లాడితే ఒట్టు. దత్తుది బోరు మోటార్లు బాగుచేసే దుకాణం. పొద్దంతా గ్రీజులో ఉండే మనిషి. పెళ్లయిన నాటి నుంచి ఇది కావాలని నోరు తెరిచి అడగని పెళ్లాం అడిగిందని మురిసిపోయి సరేనన్నాడు.

తలుపు చట్రం వచ్చిన రోజున మొగులయ్య కూడా వచ్చాడు. ఆయన దత్తుకు పెదనాన్న కొడుకు, పాలోళ్లందరికీ పెద్ద. ఆయన వాస్తు దిక్కు చూసి ఊ అననిదే ఆ ఇళ్లలో పొయ్యి కూడా జరగదు. గోడకు ఆనించిన అల్యూమినియం చట్రాన్ని అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"తెరుసుకునే రెక్క గీ దిక్కుకొస్తుంది. ఈశాన్యం మూసుకపోతది. ఈశాన్యమే తెరుసుకోవాలె" అన్నాడు.

బిగించేవాడికి ఆ రోజే ఇంకో ఊళ్లో పని ఉంది. కొత్త చట్రం చేసే ఓపిక వాడికి లేదు. ఉన్న చట్రాన్నే ఇటు ముఖం అటు తిప్పి గోడలో కూర్చోబెట్టాడు. గొళ్లెం విప్పి లోపలి వైపు బిగించాడు. కుడి రెక్క ఎడమకు వచ్చింది, ఈశాన్యం తెరుచుకుంది, మొగులయ్య మీసం దువ్వుకున్నాడు. అట్లా తిప్పినప్పుడు కుడిఎడమలతో పాటు లోపలా బయటా కూడా తారుమారవుతాయని అక్కడ ఎవరికీ తట్టలేదు. అందరూ కొబ్బరికాయ కొట్టే పనిలో ఉన్నారు.

ఆ తర్వాత వినోద చాలా సుఖపడింది. పొద్దున్నే చాయ గ్లాసు పట్టుకుని తలుపు పక్కకు జరిపితే కందిచేను ఇంట్లోకి వచ్చినట్టే ఉండేది. వెనక వరండాలో బట్టలు మడతపెట్టేది, కూర తరిగేది, ఒక్కోసారి ఊరికే కూర్చునేది. పని చేయకుండా కూర్చోవడానికి ఆమెకు దొరికిన మొదటి చోటు అది. ఈ ఏడు అమ్మ పెట్టె వాళ్ల ఇంటికి వచ్చేదాకా ఆ తలుపును ఆమె అనుమానించలేదు.

అమ్మ పెట్టె అంటే పాలోళ్ల పోచమ్మ వెండి. కళ్లు, ముక్కుపుడక, చిన్న కిరీటం, నడుముకు పట్టీ. బోనాల ముందు వారం ఆ పెట్టె ఒక్కో ఏడు ఒక్కో ఇంట్లో ఉంటుంది. ఆదివారం బోనం ఎత్తుకుని గుడికి పోయేటప్పుడు దాన్ని మోసేది ఆ ఇంటి ఆడమనిషే. వంతు వచ్చిన ఇంటికి గౌరవం, ఆ ఇంటి ఆడమనిషికి ప్రాణం మీదికి. ఎందుకంటే పెట్టెకు తాళం వేయరాదు, అమ్మను బంధించినట్టు అవుతుంది. పెట్టె ఉన్నన్నాళ్లు ఇంట్లో మేకు కొట్టరాదు, గోడకు బెజ్జం వేయరాదు. పాలోళ్లలో ఎవరు ఏ వేళకు వచ్చినా అమ్మ కనపడాలి, ముందు తెర వేయరాదు. పొద్దుగూకితే దీపం వెలగాలి. ఇన్ని రాదులు పెట్టిన పెద్దలు మట్టిగోడల ఇళ్లలో ఉన్నారు, ఒంటి తలుపుకు అడ్డంగా దూలమంత గడియ వేసుకున్నారు. వాళ్లకేం, పెట్టిపోయారు.

వినోద ఇంట్లో దేవుడి అర్ర ఈశాన్యంలో, అంటే సరిగ్గా అద్దం తలుపుకు ఎదురుగా ఉంది. పీట మీద పెట్టె వెనక వరండాలో నిలబడితే చక్కగా కనపడుతుంది. కనపడాలి కూడా. పెట్టెను దించడానికి వచ్చిన రోజునే మొగులయ్య అద్దం వైపు చూసి, "అమ్మను అంగట్ల పెట్టినట్టే ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన భార్య ఆనందమ్మ నవ్వుతూనే వినోద భుజం మీద చెయ్యి వేసి, "నీకు యాడికన్న పోయే పని పడితె చెప్పు చెల్లె, నేనొచ్చి కూసుంట" అంది.

వినోద దాన్ని కూడా ఎత్తిపొడుపు లెక్కనే తీసుకుంది. నీ ఇల్లు నమ్మకం లేదు, కావాలంటే మేం కాపలా కాస్తాం అన్నట్టు వినపడింది ఆమెకు. మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. ఈ వారం ఎవరి సాయం లేకుండా వెళ్లదీయాలి, ఆదివారం పెట్టె తన నెత్తి మీద పెట్టుకుని మొగులయ్య ముందు నుంచే నడవాలి.

ఆ వారంలోనే పక్క వీధిలో దొంగలు పడ్డారు. ఇంటివాళ్లు బోరంచ దగ్గర పెళ్లికి పోయి ఉన్నారు. ఆ ఇంటికీ వెనక అద్దం తలుపే. పట్టపగలు వచ్చినవాళ్లు అద్దం పగలగొట్టలేదు. రెక్కను రెండు చేతులతో పైకి లేపి పట్టాలోంచి ఊడదీసి, గోడకు జాగ్రత్తగా ఆనించి, లోపలికి పోయి పని చూసుకున్నారు. అద్దం మీద గీత కూడా లేదు. వినోదను భయపెట్టింది అదే. పగిలితే చప్పుడైనా అవుతుంది గదా, నలుగురైనా వస్తారు గదా అని ఇన్నాళ్లు ఆమె ధైర్యం.

"రెక్క కింద చక్రాలుంటయి. పైన గంత సందు ఇడుస్తరు, ఎక్కియ్యనీకె, దించనీకె. గా సందుల లేపితె బయటికొస్తది" అని దత్తు అన్నం తింటూ చెప్పాడు.

"మనదానికి గూడ ఉన్నదా సందు?"

"అన్నిటికుంటది."

వినోద తింటున్న కంచం వదిలేసి లేచింది. అప్పటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి తలుపు చూడటానికి పోతే పాలు పొంగిపోయాయి. స్నానానికి పోయి ఒంటి మీద నీళ్లతోనే బయటికి వచ్చి చూసింది. తలుపు లాగి చూసేది, ఇవతలికి వచ్చేది, సరిగ్గా లాగానా లేదా అని మళ్లీ పోయేది. బల్లి అరిస్తే ఉలిక్కిపడేది, బల్లి అరవకపోతే ఇంకా ఉలిక్కిపడేది.

ఇదంతా కూతురు శివాని మంచం మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆమెకు నెలలు నిండాయి, మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తల్లి పోలిక కాదు, దేన్నీ మనసులో పెట్టుకోదు.

"అమ్మా, నేను నొప్పులు పడుతుంటె గూడ నువ్వు గా తలుపు పట్టుకోనే నిల్సుంటవేమో" అంది ఒక సాయంత్రం.

"నోరు ముయ్. గట్ల అనద్దు" అని కసిరింది వినోద. కసిరిందేగానీ కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

దత్తు దుకాణం నుంచి ఇనుప కడ్డీ ఒకటి కోసి తెచ్చాడు. తలుపు మూసి, ఖాళీగా ఉన్న పట్టాలో కడ్డీ పడుకోబెడితే రెక్క జరగదు, ఎవరైనా చేసే పనే అది. వినోద లోపల నిలబడి కడ్డీని పట్టాలో పెట్టింది. దత్తు వరండాలోకి పోయి, గొళ్లెం వేయొద్దని చెప్పి, రెక్కను తోశాడు. అది ఎప్పటి లాగానే హాయిగా జరిగింది. దత్తు గుమ్మంలో నిలబడి కాసేపు కడ్డీని చూశాడు, రెక్కను చూశాడు, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

జరిగే రెక్క బయటి పట్టా మీద ఉంది. కడ్డీ లోపలి పట్టాలో ఉంది. చట్రం తిప్పి పెట్టిన రోజున లోపలికి రావాల్సిన రెక్క బయటికి పోయింది. కడ్డీ పెట్టాల్సిన చోటు ఇప్పుడు అద్దానికి అవతల, వరండాలో ఉంది. దొంగ వచ్చి తన చేతులతో తనే తీసి పక్కన పెట్టుకోవచ్చు.

"మీ బావ ఈశాన్యం" అన్నాడు దత్తు కళ్లు తుడుచుకుంటూ. "లోపటిది బయట పెట్టిపిచ్చిండు."

"మా బావ ఎట్లయితడు, మీ అన్న. నవ్వుతవేంది, మంది వెండి అది. పోతె ముఖం యాడ పెట్టుకుంటం?"

దత్తు నవ్వు ఆపాడు. చట్రం మళ్లీ తిప్పించాలంటే గోడ కొట్టాలి, పెట్టె ఉన్నంతవరకు గోడ ముట్టరాదు. పైసందులో మరలు బిగించి రెక్క లేవకుండా చేయవచ్చు, కానీ మర బిగించాలంటే బెజ్జం కావాలి. ముందు బీరువా జరిపితే అమ్మ కనపడదు. చివరికి సైకిలు ట్యూబు ముక్కలు మడిచి పైసందులో కుక్కాడు, రెక్కను ఎంత లేపినా లేవకుండా. బోరులోంచి మోటార్లు పైకి లాగే బరువైన గొలుసు తెచ్చి, రెక్క లోపలి పిడికి చుట్టి, పక్కనున్న కిటికీ ఇనుప చువ్వలకు బిగించి తాళం వేశాడు. బయటికి పోయి పైకి లేపి చూశాడు, పక్కకు తోసి చూశాడు, భుజంతో ఊపి చూశాడు. కదలలేదు.

"ఇగ నిమ్మళమేనా?" అన్నాడు.

వినోద తలూపింది. కాసేపటికే మళ్లీ లేచి గొలుసు చివరి కొక్కెం పట్టుకుని లాగి చూసింది. తలుపు గట్టిపడింది గానీ ఆమె గట్టిపడలేదు. ఇప్పుడు కొత్త బాధలు పుట్టుకొచ్చాయి. కిటికీ చువ్వలు కోస్తే? అద్దమే కోస్తే? పైగా వరండాలోకి పోవడానికి ప్రతిసారీ తాళం తీయాలి. ఆమె పోవడం మానేసింది. కందిచేను అద్దానికి అవతల ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున శివానికి కాళ్లు ముఖం బాగా ఉబ్బాయి, తల పగిలిపోతుందంది. ఊళ్లో డాక్టరమ్మ బీపీ చూసి, ఇక్కడ ఆగొద్దు, జల్దీ సంగారెడ్డికి తీసుకుపొమ్మంది. దత్తు కారు మాట్లాడుకుని వచ్చాడు. అల్లుడికి ఫోన్ చేస్తే పట్నం నుంచి నేరుగా దవాఖానకు వస్తానన్నాడు. వినోద గబగబా బట్టలు సర్దింది, పాత చీరలు చింపి పెట్టుకున్న గుడ్డలు సంచిలో కుక్కింది, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసింది. శివాని కారెక్కి పక్కకు జరిగి తల్లికి చోటు ఇచ్చింది. వినోద ఎక్కలేదు.

"నువ్వు రావా?"

"మీరు పోతుండుర్రి బిడ్డా. తలుపు చూస్కొని ఎన్కనే బస్సుకొస్త. గింతల వస్త."

శివాని ఉబ్బిన కళ్లతో తల్లిని ఒకసారి చూసి, ఖాళీగా ఉన్న చోట సంచి పెట్టుకుంది. కారు పోయింది.

ఇంట్లోకి వచ్చి వినోద ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆనందమ్మ నంబరు తెర మీదికి తెచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, ఆమె పరుగున వస్తుంది. కానీ వచ్చి గొలుసు చూస్తుంది, ట్యూబు ముక్కలు చూస్తుంది. సాయంత్రానికి పాలోళ్ల ఇళ్లన్నింటికీ తెలుస్తుంది, వినోద అద్దం తలుపుకు మోటారు గొలుసు కట్టిందని. మొగులయ్య పెట్టెను వాళ్ల ఇంటికి ఎత్తిస్తాడు, ఆదివారం ఆనందమ్మే మోస్తుంది. కడుపులో బిడ్డతో కూతురు దారిలో ఉండగా కూడా మనిషి ఇట్లాంటివి ఆలోచిస్తుందా అంటే, ఆలోచిస్తుంది. వినోద ఫోన్ కొంగున ముడేసుకుంది.

పెద్ద ప్రమిదలో అంచుదాకా నూనె పోసి, మర్నాటిదాకా నిలిచేలా లావు వత్తి వేసి వెలిగించింది. "తల్లీ, నీకు నువ్వే కాపలా" అని మొక్కింది. గొలుసు లాగి చూసింది. ముందు తలుపుకు తాళం వేసి, గేటు దగ్గరికి పోయి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి, పొద్దు నడినెత్తికి వచ్చాక బయల్దేరింది. వీధి మలుపులో బసన్న కిరాణం ఉంది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే మంచి మనిషి. ఇంటి వైపు ఒక కన్ను వేసి ఉంచమని ఆయనకు చెప్పింది, ఎందుకో మాత్రం చెప్పలేదు.

బస్టాండులో సంగారెడ్డి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటకముందే ఆమెకు నిచ్చెన గుర్తొచ్చింది. పైసందులో ట్యూబు కుక్కిన తర్వాత దత్తు నిచ్చెనను వరండాలోనే వదిలేశాడు. నిచ్చెనకు తలుపుకు సంబంధం లేదని తనకు తనే చెప్పుకుంది. ఆ తర్వాత తాళం చెవి గుర్తొచ్చింది. గొలుసు తాళం చెవి తన దగ్గరే ఉంది, కొంగు తడిమి చూసుకుంది. మరి తాళం నిజంగా పడిందా? లాగి చూసినట్టే గుర్తు. కానీ ఆ గుర్తు ఎప్పటిది, ఇవాళ్టిదా నిన్నటిదా? చేతులు నలుపుకుంటూ, చెమట తుడుచుకుంటూ, కూర్చున్న చోటనే అటూ ఇటూ మెసిలింది. పక్క సీటామె, "కడుపుల తిప్పుతుందా, నిమ్మకాయ ఉన్నది ఇయ్యన్న?" అని అడిగింది.

దారిలో నిజాంపేట దగ్గరపడుతుండగా ఇక తట్టుకోలేక బసన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, మా ఇంటి దిక్కు ఒక్కసారి చూడవా."

"ఇంటెన్క ఎవరో మెసులుతున్నరక్కా" అన్నాడు బసన్న. "ఇక్కడికి సరిగ కనపడదు. గిరాకి బహళ ఉంది, ఇడిచి పోనీకె వస్తలేదు. పోయి చూడమంటవా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. లేచి, మనుషులను తోసుకుంటూ ముందుకు పోయి, బస్సు ఆపమంది. దిగుతుండగా ఫోన్ మోగింది, శివాని.

"అమ్మా, యాడికొచ్చినవ్? లోపటికి తీస్కపోతరట. బీపీ దిగుతలేదు, ఆపరేషన్ అంటుండ్రు."

రోడ్డు మీద నిలబడిన వినోద పోతున్న బస్సు వెనక భాగాన్ని చూసింది. "వస్తున్న బిడ్డా, దగ్గర్లనే ఉన్న" అంది. "భయపడకు."

"జల్దీ రా" అంది శివాని. దేనికీ భయపడని ఆ పిల్ల ఆ మాటే మళ్లీ అంది.

ఆ ఒక్క క్షణంలో వినోద ఇటు పోవాలో అటు పోవాలో నిజంగానే తెలియక రోడ్డు దాటింది, మళ్లీ ఇవతలికి వచ్చింది. ఖేడ్ వైపు పోయే ఆటో ఆగింది. సంగారెడ్డి వైపు బస్సు కనుచూపు మేర లేదు. ఆమె ఆటో ఎక్కింది. ఒకసారి ఇల్లు చూసుకుని, పోలీసులకు చెప్పి, అదే ఆటోలో వెనక్కి వస్తానని లెక్క వేసుకుంది. ఎట్లా చూసినా పొసగని లెక్క అది, అది ఆమెకూ తెలుసు. దారి పొడుగునా అమ్మవారికి, కూతురికి కలిపి ఒకే దండం పెట్టుకుంటూ కూర్చుంది.

వీధి మొదట్లో దిగి పరుగెత్తింది. గేటు తీసి ఉంది. చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆగలేదు. ఇంటి పక్క సందులోంచి, చేతికి దొరికిన చీపురు పట్టుకుని వెనక వరండాలోకి వచ్చింది.

వరండాలో చాప పరిచి ఉంది. ఆనందమ్మ చేట ముందు పెట్టుకుని బోనం బియ్యం ఏరుతోంది. పక్కన పాలోళ్ల ఇంటి కోడలు నీలమ్మ పసుపు గుడ్డలు మడుస్తోంది. నిచ్చెనకు ఆనుకుని ప్లాస్టిక్ కుర్చీలో మొగులయ్య కునుకుతున్నాడు. వాళ్ల వెనక, అద్దానికి అవతల, పీట మీద పెట్టె ఉంది, పెద్ద ప్రమిదలో దీపం నిలకడగా వెలుగుతోంది. గొలుసు ఎక్కడిదక్కడే ఉంది.

ఆనందమ్మ తలెత్తి చీపురు చూసింది, వినోదను చూసింది.

"ఏమైంది చెల్లె? బిడ్డకెట్లున్నది?"

వినోద ఎత్తిన చీపురు దించింది. "మీరెప్పుడొచ్చిర్రు?" అంది.

"శివానిని తీస్కపోయిర్రని తెల్వంగనె వచ్చినం. నువ్వు ఎట్లైన పోతవు గద, అమ్మ ఒక్కతె ఉంటదని. ముందు తాళం ఉండె, ఎన్కకొచ్చి చూస్తె గొలుసుండె. సరే, అద్దంల నుంచి అమ్మ మంచిగ కనవడుతనే ఉన్నది గద, బయటనె కూసుందమనుకున్నం. పొద్దుగూకితె గీడనే ఇంకో దీపం పెడుదమని నూనె గూడ తెచ్చిన."

మొగులయ్య కళ్లు తెరిచాడు. "తలుపు గట్టిగనే చేపిచ్చినవ్ వినోదా. నేను గూడ ఊపి చూసిన, కదల్తలేదు" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. ఈ వారమంతా ఏ మాట కోసం ఆమె నిద్ర మానుకుందో అదే మాట అది. తర్వాత ఆయన మొహం ముడుచుకుంది. "అది సరే, నువ్వేంది మర్లొచ్చినవ్? బిడ్డ కాడ ఎవరున్నరు?"

ఎవరున్నారు? దత్తు ఉన్నాడు, అల్లుడు వచ్చి ఉంటాడు. తల్లి లేదు. తల్లి ఇక్కడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మీరే దొంగలనుకున్నాను అని ఎట్లా చెబుతుంది.

కొంగులో ఫోన్ మోగింది. దత్తు.

"ఆడపిల్ల" అన్నాడు. "ఆపరేషన్ చేసిర్రు. ఇద్దరు మంచిగున్నరు. లోపటికి పోయేటప్పుడు శివాని నీ కోసం మస్తు చూసింది. యాడున్నవ్?"

వినోద చీపురు కింద పడేసి చాప మీద కూలబడింది. ఏడుపు ఆగలేదు. ముందు భయం పోయిన ఏడుపు, ఆ వెనకే సిగ్గు, ఆ వెనకే కూతురు కారులో పక్కకు జరిగి ఇచ్చిన చోటు. ఆ చోట తను కూర్చోలేదు. వీళ్లు ఇక్కడ వచ్చి కూర్చున్నారు, పిలవకుండానే, తాళం వేసిన ఇంటి బయట, ఎండలో. కాపలా ఉన్న ఇంటికి కాపలా కాయడానికి తను బిడ్డను వదిలి వచ్చింది. వారం రోజుల పట్టుదల అంతా కలిపితే ఇంతే మిగిలింది.

ఆనందమ్మ బియ్యం చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. వీపు నిమిరింది. కాసేపటికి, "లే, ముఖం కడుక్కో. బాలింత ముందట ఏడ్వద్దు. మీ బావ బండి మీద దించుతడు" అంది.

వినోద లేచింది. ముందు నుంచి లోపలికి పోయి, కొంగు ముడి విప్పి, గొలుసు తాళం తీసింది. బరువైన గొలుసు కిటికీ చువ్వల మీంచి జారి నేల మీద పడితే పెద్ద చప్పుడైంది. రెక్కను పక్కకు జరిపింది. చల్లగాలి, కందిచేను వాసన, ఆనందమ్మ, నీలమ్మ, అందరూ ఒకేసారి లోపలికి వచ్చారు. వినోద ఇంటి తాళం చెవులన్నీ ఆనందమ్మ చేతిలో పెట్టింది.

"అక్కా, దీపం నువ్వు పెట్టు. ఆదివారానికి నేను రాకుంటె పెట్టె గూడ నువ్వే ఎత్తుకో."

"నీ వంతు నీదే. నువ్వు వస్తవ్" అంది ఆనందమ్మ. "రాకుంటె నీ పేరు మీద ఎత్తుకుంట. పో ఇగ."

మొగులయ్య బండి మీద నిజాంపేట దాకా పోయి, అక్కడ బస్సు ఎక్కేసరికి పొద్దు వాలింది. ఆ ప్రయాణంలో వినోద తలుపు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బస్సు ఆగిన ప్రతి చోటా డ్రైవరు మీద కోపం వచ్చింది.

దవాఖానలో శివాని మంచం గోడ వైపు ఉంది. దత్తు బయట మందుల కోసం పోయాడు, అల్లుడు తల్లిదండ్రులకు ఫోన్‌లో చెబుతూ వరండాలో తిరుగుతున్నాడు. పాప తెల్లటి గుడ్డలో పండుకుని ఉంది. అది వినోద చింపి పెట్టిన పాత చీర గుడ్డ. శివాని తల తిప్పి తల్లిని చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"తలుపు పైలమేనా అమ్మా?" అంది.

వెక్కిరింపు కాదు అది. నిజంగానే అడిగింది. ఇంట్లో అందరికంటే ముందు యోగక్షేమం అడగాల్సింది దాన్నే అన్నట్టు, అలవాటైపోయినదాని లెక్క అడిగింది.

"తెరిచే పెట్టొచ్చిన బిడ్డా" అంది వినోద.

శివాని ఆ మాట నమ్మాలో వద్దో తెలియనట్టు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నొప్పికి మూలుగుతూ, మెల్లగా గోడ వైపుకు జరిగి, మంచం అంచున కొంచెం చోటు చేసింది. వినోద ఈసారి ఆగలేదు, వెంటనే కూర్చుంది.